నాలుగేళ్ళ శుక్రవారాలు

అయ్యప్ప మస్కట్ వెళ్ళిన ఏడాదే మాధవీలత గుమ్మం కొలత తప్పు చెప్పింది. కొత్తగా కడుతున్న వెనకగదికి ఏడడుగుల గుమ్మం పెట్టించమని అతను ఫోనులో చెబితే, ఆమె వడ్రంగికి ఆరున్నర అని చెప్పింది. ఇంటి పక్కనే కొబ్బరిపీచు మిల్లు. అది తిరుగుతున్నంతసేపూ సగం మాటలు వినబడవు. గుమ్మం నిలబెట్టేశాక ఫొటో చూసి అయ్యప్ప చాలాసేపు కేకలేశాడు.

మర్నాడు మలికిపురంలో ఫోన్ల కొట్టు ఏసుపాదాన్ని దీనికేమైనా దారుందా అని ఆమె అడిగితే, ఫోను తీసుకుని ఏవో రెండు నొక్కి ఇచ్చాడు.

"ఇకనించి ఆయన కాలొచ్చినప్పుడల్లా దానంతటదే రికార్డయిపోద్దండి. తీరుబడిగా మళ్ళీ వినుకోండి."

భర్తకు ఈ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పేంత విషయమని తోచలేదు.

అయ్యప్ప ఉండే క్యాంపులో వాట్సాప్ కాల్ కలవదు. శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం మామూలు ఫోనే చేస్తాడు. పది నిమిషాలు, ఒక్కోసారి పదిహేను. మాధవీలత మలికిపురంలో జాకెట్లు కుట్టే కొట్టులో పనిచేస్తుంది. మొదట్లో అతను చెప్పిన పనులు మర్చిపోకుండా ఉండడానికే మళ్ళీ వినేది. తరవాత తరవాత మిషను తొక్కుతూ, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, పాతవి కూడా వినడం అలవాటైంది. పక్క మిషను మీద కూర్చునే రేచల్, ఆమె పాటలు వింటోందనుకునేది.

పెళ్ళయి పదమూడేళ్ళు. పిల్లలు లేరు. ఆ మాట ఎత్తడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. మానేసింది ఏ నెలలోనో కూడా మాధవీలతకు తెలుసు. రికార్డుల్లో ఉంది. అతని దగ్గు ఏ వేసవిలో మొదలైందో, ఏ వర్షాకాలంలో తగ్గిందో తెలుసు. వింటున్నప్పుడు సంతోషమూ దుఃఖమూ ఏమీ ఉండేవి కావు. చేతి కింద గుడ్డ జరుగుతూ ఉండేది, చెవిలో మాట నడుస్తూ ఉండేది.

ఒక రికార్డు మటుకు వేరు. రెండేళ్ళ కిందట అయ్యప్ప గదిలోనే ఉండే సఖినేటిపల్లి అతను నిద్రలోనే పోయాడు. ఆ రోజు శుక్రవారం కాకపోయినా అయ్యప్ప ఫోను చేశాడు. ఏడ్చాడు. "గుమ్మంలో నా చెప్పులూ వాడి చెప్పులూ పక్కపక్కనే ఉన్నాయే. ఏవి ఎవరివో తెలీడంలేదే," అన్నాడు. మర్నాడు మళ్ళీ చేసి, "రాత్రి ఏదో వాగేను, అదంతా మర్చిపో," అన్నాడు. మాధవీలత సరేనంది.

ఈ వేసవిలో ఫోను అప్‌డేట్ చేసుకోమని నెలరోజులపాటు అడిగింది. ప్రతిసారీ మాధవీలత తరవాత అని నొక్కేది. ఒక బుధవారం కొట్టులో చార్జింగుకు పెట్టి అన్నం తినొచ్చేసరికి, దానంతటదే అయిపోయింది. తెర మీద గడియారం లావుగా, గులాబిరంగులో ఉంది. దాని వెనకాల బొమ్మలో వాన పడుతోంది. బయట ఎండ మండిపోతోంది.

"బాగుందే," అంది రేచల్. "మా ఫోనుకి ఇంకా రాలేదు."

శుక్రవారం ఒంటిగంటకు అయ్యప్ప ఫోను చేశాడు. మాధవీలత ఎత్తి హలో అనేలోపు ఎవరో ఆడమనిషి గొంతు స్పష్టంగా పలికింది: "ఈ కాల్ ఇప్పుడు రికార్డ్ చేయబడుతోంది."



"ఎవరది?" అన్నాడు అయ్యప్ప.

"ఫోనండి. ఫోనే అంటోంది."

"ఎందుకంటోంది?"

అబద్ధం చెప్పొచ్చని ఆమెకు తోచింది. కంపెనీవాళ్ళ మాట అంటే నమ్మేవాడే. కానీ దానికి కావలసిన ఓపిక కూడా లేనట్టు అనిపించింది.

"రికార్డవుద్దండి. అంతకుముందూ అయ్యేది. అప్పుడు ఫోను పైకి చెప్పేది కాదు."

"ఎప్పట్నించి?"

"గుమ్మం తప్పు పెట్టించేను కదండి. అప్పట్నించి."

"నాలుగేళ్ళు."

"ఆయ్."

అతను పెట్టేశాడు.

తరవాతి శుక్రవారం ఫోను రాలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. సోమవారం పొద్దున్నే ఏసుపాదం కొట్టుకు వెళ్ళింది.

"ఆ మాట రాకుండా చెయ్యడానికి లేదాండి?"

"లేదండి. కొత్త దాంట్లో అది తప్పదు. రికార్డింగ్ కావాలంటే అవతలివాళ్ళకి చెప్పి తీరాలి."

"మరి పాతదే మళ్ళీ వెయ్యండి."

"వెయ్యడానికి కుదరదండి. కుస్తీ పట్టి వేసినా లోపలున్నవన్నీ పోతాయి." అతను ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆమె మొహం చూసి, ఉత్తచేతుల్తో పంపడం ఇష్టంలేనట్టు, "కానీ దీన్లో కంపెనీవాడు చాలా ఇచ్చేడండి, చూపిస్తానుండండి," అన్నాడు.

ఫొటోలు తెరిచాడు. అంతర్వేది సముద్రం ఒడ్డున అయ్యప్ప పక్కన ఆమె నిలబడ్డ ఫొటో. వెనకాల ఎవరో గళ్ళలుంగీ మనిషి. ఏసుపాదం ఆ మనిషి చుట్టూ వేలితో గీశాడు. మనిషి పోయాడు. అతనున్నచోట ఇసుక, ఇసుక మీద చిన్న అల కూడా వచ్చింది.

"ఎవరూ లేనట్టే ఉంది కదండీ?"

"ఆయ్," అంది మాధవీలత.

గడియారాలు పన్నెండు రకాలు చూపించాడు. ఫోనుతో మాట్లాడితే బదులు చెబుతుందన్నాడు. కోడిగుడ్డు కూర ఎలా వండాలో అడిగాడు. అది చెప్పింది. ఆమె పూర్తయ్యేదాకా వింది, అతను అంత ఓపిగ్గా చూపిస్తుంటే లేచి వెళ్ళిపోవడం బాగోదని. తరవాత తన కొట్టుకు వచ్చి మూడు జాకెట్లకు హుక్కులు కుట్టింది.

ఆ శుక్రవారం ఫోను వచ్చింది. ముందుగా ఆ ఆడమనిషి గొంతు. రికార్డింగ్ ఆపడం ఎలాగో మాధవీలత అప్పటికింకా నేర్చుకోలేదు.

"ఏముంటాయి అందులో?" అన్నాడు అయ్యప్ప.

"మీరు మాట్లాడినవేనండి."

"నేనేం మాట్లాడేను?"

"అన్నీనండి. కాలవగట్టు జామచెట్టు కొట్టించొద్దన్నారు. మీ మేస్త్రీని అనుకరించి నవ్వించేరు. పోయిన చలికాలం కొత్త దుప్పట్లిచ్చేరని చెప్పేరు."

"వాడు పోయిన రోజుది?"

మాధవీలత మిషను మీది గుడ్డ పక్కకి జరిపింది.

"అదీ ఉందా?"

"ఉందండి."

"విన్నావా?"

"విన్నానండి."

"ఎన్నిసార్లు?"

ఎన్నిసార్లో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. అతని ఊపిరి వినబడుతోంది.

"మర్చిపొమ్మన్నాను," అన్నాడు అయ్యప్ప. గొంతులో కోపం లేదు. "తీసెయ్, మాధవీ. అన్నీ తీసెయ్. రికార్డింగ్ కూడా ఆపించెయ్."

"అలాగేనండి."

మధ్యాహ్నమే తీసేసింది. మొదట ఒక్కొక్కటీ నొక్కబోయింది. రేచల్ చూసి, "అన్నీ ఒకేసారి పోతాయి, ఇలా ఇవ్వండి," అని చూపించింది. రెండువందల మూడు. నిజంగానే తీసెయ్యాలా అని ఫోను అడిగింది. అవునని నొక్కింది. తెర ఖాళీ అయింది. రికార్డింగ్ కూడా రేచల్ చేతే ఆపించింది. ఏదైనా అవుతుందేమోనని ఆమె తనలోకి తను చూసుకుంది. ఏమీ కాలేదు. ఆకలి కూడా మామూలుగానే వేసింది. ఎవరిదో పెళ్ళిచీరకు ఫాల్ కుట్టాల్సి ఉంది, దారం ఎక్కించింది.

తరవాత ఫోన్లు మళ్ళీ ప్రతి శుక్రవారం వచ్చాయి. కాని అయ్యప్ప మండలాఫీసులో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. బాగున్నానని, ఎండలెక్కువని, వేళకి తినమని. మాటకూ మాటకూ మధ్య ఆగేవాడు. నాలుగు నిమిషాల్లో అయిపోయేది. ఆమె కూడా వింటూ ఆయ్, ఆయ్ అనేది. మిషను తొక్కేటప్పుడు ఒక చెవిలో పెట్టుకోవడానికి ఏమీ లేదు. రేచల్ పాటలు పెడతానంది. వద్దంది.

దీపావళి వెళ్ళాక ఒక శుక్రవారం, అన్నీ మాట్లాడేశాక కూడా అతను ఫోను పెట్టలేదు.

"మాధవీ."

"చెప్పండి."

"సఖినేటిపల్లివాడి మంచం మీదకి ఇన్నాళ్ళకి ఇవాళ కొత్త మనిషి వచ్చేడు. నెల్లూరతను. మనవాడు పోయిన రోజు నేను నీతో ఏమన్నానో నాకు అసలు గుర్తులేదు. ఎంత ఆలోచించినా రావట్లేదు. నీకు గుర్తుందా?"

మాధవీలతకు ప్రతి మాటా గుర్తుంది. ఎక్కడ ఆగాడో, ఎక్కడ ముక్కు చీదాడో, వెనకాల ఎవరు ఎవర్ని పిలిచారో గుర్తుంది. అతను చెప్పమని అడుగుతున్నాడో, లేదనమని అడుగుతున్నాడో ఆ గొంతును బట్టి ఆమెకు తెలియలేదు. ఎదురుగా బల్లమీద సుద్దతో గీసిన గుడ్డ ఉంది. దాని అంచు సరిచేసింది.

"లేదండి," అంది.

"ఏదీ గుర్తులేదా?"

"లేదండి. ఏడ్చేరని ఒక్కటే."

"మంచిది," అన్నాడు అయ్యప్ప. తరవాత ఆ నెల్లూరతను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అతను వచ్చీరాగానే గదంతా కడిగాడట, కూరలో చింతపండు ఎక్కువ వేస్తాడట, అయినా ఫర్వాలేదట. చాలాసేపు చెప్పాడు. మాధవీలత కత్తెర కింద పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని వింది.