తెల్ల కంబళి నాలుగో కొస

మా దేశంలో ఖానుగా పట్టం కట్టుకోవాలంటే తెల్ల ఉన్ని కంబళి మీద కూర్చోవాలి. నాలుగు గుర్రపు తెగల పెద్దలు నాలుగు కొసలూ పట్టి పైకెత్తాలి. ఒక్క కొస జారినా ఆ ఖానును ఎవరూ ఒప్పుకోరు. కాలువలు తవ్వించి, చట్టాలు రాసి రాజ్యం నడిపేది నగరం వాళ్లం. ఎత్తే హక్కు మాత్రం గుడారాల వాళ్లది! వజీరు ఖుద్రతుల్లా దగ్గర లేఖకుడిగా ఇరవై ఏళ్లు ఆ కుళ్లుతోనే బతికాను.

ఈసారి చిక్కంతా నాలుగో కొసతోనే. ఆ కొస పట్టాల్సిన తెగ పెద్ద బైతురాను పోయిన చలికాలం విందుకు పిలిచి చంపించారు. ఉత్తర్వు రాసింది నేను, రాయించింది వజీరు, ముద్ర వేసింది యువరాజు ఇల్దార్. ఇప్పుడు పట్టం ఆ ఇల్దార్‌కే. ఆ కొస పట్టేవాళ్లు లేకపోతే తెల్లారేసరికి తెగలన్నీ మా గోడల మీద పడతాయి.

కొస పట్టడానికి బైతురా తల్లి అయ్సులు వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఒంటరిగా.

"మీ తెగలో మగాళ్లు కరువయ్యారా అవ్వా?" అన్నాడు వజీరు.

"ఉన్నవాణ్ణి నీ విందుకు పంపా. ఇంకా తిరిగి రాలేదు. జరుగు."

వజీరు యువరాజు చెవిలో గొణిగాడు: "అడిగితే, కావలివాడు తాగి చేశాడనండి ప్రభూ."

ఇల్దార్ కూర్చున్న కంబళి లేచింది.

"నాయనా," అంది అయ్సులు, కొస పట్టుకునే. "నా కొడుకును చంపమన్నదెవరు?"

ఇల్దార్ వజీరు వైపు చూశాడు. తర్వాత ఆవిడ చేతుల వైపు చూశాడు.

"నేనే అవ్వా. ముద్ర నాదే."

అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాను. పడిన చప్పుడు వినపడలేదు. తెరిచి చూస్తే నాలుగో కొస తక్కిన మూడింటికన్నా ఎత్తున ఉంది. ఇన్నాళ్లూ గుర్రాల కంపు అంటూ నేను ముక్కు మూసుకున్నది ఇలాంటి మనుషులను చూసా అని సిగ్గుతో చచ్చిపోయాను.

మెల్లగా దించారు. పక్క తెగ పెద్ద ఉండబట్టలేక అడిగాడు: "వదిలెయ్యలేదేం పిన్నీ?"

"వదిలేస్తే వీడు ఎవడో కుర్రాడురా. ఎవడో కుర్రాణ్ణి న్యాయం ఎట్టా అడగను?" అని ఇల్దార్ వైపు తిరిగింది. "ఖానుగారూ, నాదొక ఫిర్యాదు."

ఖాను కంబళి దిగి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఆ ఉత్తర్వు రాసిందెవరు? ముందుకు రండి," అన్నాడు.

వజీరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విడిపించుకుని ముందుకు నడిచాను.