వెనక సందు రంగు

థోర్న్‌బెక్ ఊరి పాత పటాన్ని కళ్ళు మూసుకుని చదవగలవాడు లాంకషైర్ మొత్తంలో ఒక్కడేనని, ఆ ఒక్కడూ తానేనని సేత్ ఆర్మరాడ్ నలభై ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు. మిల్లులో మగ్గాల మేస్త్రీగా చేసి దిగిపోయిన మనిషి. పటం గీసేటప్పుడు కొలత గొలుసు రెండో కొస పట్టుకున్నది తన తాతేనట. తాత మధ్యలో మాంసం కూరిన రొట్టె తింటూ కూర్చోవడంతో గొలుసు వదులై, చాపెల్ వీధి నేలమీదకన్నా పటంలో నాలుగు గజాలు పొడుగైందట.

ఆ పటం చాపెల్ హాల్లో కిటికీకి ఎదురుగా వేలాడుతుంది. మిల్లు పెట్టిననాటి నలభై ఇళ్ళు నల్లసిరాతో, తర్వాత కొండెక్కిన వీధులన్నీ ఎర్రసిరాతో ఉంటాయి. అంచున, చట్రం చెక్క కిందికి దూరిపోతూ, ఇంకర్‌మన్ వీధి వెనక సందు.

గొడవంతా ఆ సందు గురించే. ప్రతి సోమవారం ఆడవాళ్ళు ఈ గోడ కొక్కేనికీ ఆ గోడ కొక్కేనికీ తాళ్ళు కట్టి బట్టలారేస్తారు. విధవరాలు బెర్తా హోల్డెన్ ఏడిళ్ళ బట్టలు ఉతికి బతుకుతోంది. మూల ఇల్లు కొన్న మాంసం కొట్టు హోరేస్ బ్రైర్లీ, తన వ్యానుకు దారి కావాలని, తాళ్ళు పీకించమని కౌన్సిల్‌కు రాశాడు. తాళ్ళు పోతే బెర్తా పని పోతుంది.

"నీకెందుకమ్మా దిగులు? సందుకి పటంలో ఆకుపచ్చ రంగుంది. నేను చూపిస్తాగా," అన్నాడు సేత్.

గురువారం కౌన్సిల్ ఆఫీసరు పిల్లింగ్ చాపెల్ హాలుకు వచ్చాడు; సేత్, బెర్తా, హోరేస్ అప్పటికే అక్కడున్నారు. పటం అడుగున రాసింది పైకి చదివాడు: నీలం వేసినవి మిల్లు వేసిన దారులు, ఆకుపచ్చ వేసింది మిల్లుకు ముందునుంచీ బట్టలారేసుకునే నేల, ఊరివాళ్ళకే వదిలింది.

"ఏదీ మీ ఆకుపచ్చ, పెద్దాయనా?"

సేత్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. సందు నీలంగా ఉంది. అసలు పటం మొత్తంలో ఆకుపచ్చ అనేదే లేదు.

"మేస్త్రీగారు కళ్ళు మూసుకునే చదివినట్టున్నారు," అన్నాడు హోరేస్.

సేత్ చెవులు ఎర్రబడ్డాయి. బెర్తా మాత్రం పటానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళింది.

"ఈ గోడకి పొద్దస్తమానం ఎండేనా?"

"తొంభై ఏళ్ళుగా అంతే," అన్నాడు సేత్ నీరసంగా.

"అయితే అంచున ఆ చట్రం చెక్క విప్పి చూడండి. కిటికీకి కట్టిన ఆకుపచ్చ కర్టెన్లు నేనెన్ని ఉతకలేదు? ఎండకి అందులోని పసుపు ముందు పోతుంది, నీలం మిగులుతుంది. అసలు రంగు మడతలోనే దాక్కుంటుంది."

పిల్లింగ్ ఆలోచించి సరేనన్నాడు. మగ్గాల మేస్త్రీ జేబులో స్క్రూడ్రైవర్ లేని రోజంటూ ఉండదు. నోరు చెయ్యలేని పని సేత్ చేతులు చేశాయి; చెక్క ఊడొచ్చింది. చెక్క కింద, ఎండ తగలని వేలెడు మేర, సందు లేత పాలకూరలా పచ్చగా ఉంది. దాని పక్కనే మిల్లు దారి చెక్క కింద కూడా నీలంగానే ఉంది.

పిల్లింగ్ రెండింటినీ వేలితో చూపించి, కాగితం మీద రాసుకున్నాడు. "ఇది మిల్లు దారి కాదు. తాళ్ళు ఉంటాయి. బ్రైర్లీగారూ, వ్యాను ముందు వీధిలోంచి తెచ్చుకోండి."

"ఏం మేస్త్రీ, ఊరంతా చెప్పుకున్న గొప్ప ఏమైంది?" అంది బెర్తా.

"కళ్ళు మూసుకుని చదవగలనన్నాను, చదివాను. పచ్చ అన్నాను, పచ్చే. తెరిచినప్పుడే కదా చిక్కొచ్చింది," అని నవ్వేశాడు సేత్. "అయినా తల్లీ, నిజం చెప్పాలంటే, దాన్ని ఇంత దగ్గరగా చూడటం నాకిదే మొదటిసారి."

తర్వాత వచ్చిన సోమవారం సందు నిండా దుప్పట్లు గాలికి ఉబ్బాయి. వాటి మధ్య, బెర్తా దగ్గరే బట్టలు వేసే హోరేస్ బ్రైర్లీ తెల్లచొక్కా కూడా ఠీవిగా ఊగింది.

ఈ కథలో నేను కల్పించింది ఆ చొక్కా ఒక్కటే. నిజానికి ఊగింది ఆయన పొడుగు లోలాగు, మోకాళ్ళ దగ్గర రెండు మాసికలతో.