రెండో గెంతు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది అయిదుగురు: పొయ్యి పక్క కుర్చీలో తాతయ్య మలాకీ, టీ కాస్తున్న అమ్మమ్మ డెలియా, బంగాళాదుంపలకి తొక్క తీస్తున్న అమ్మ బ్రీజ్, పిలవకుండా వచ్చి పిలిచినట్టు కూర్చున్న క్రీడాసంఘం అధ్యక్షుడు జార్లత్, మెట్ల మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని ఎత్నా. బల్ల కింద కుక్కని కూడా లెక్కేస్తే ఆరు. పన్నెండున్నరకి రేడియోలో ఏం వినిపించబోతోందో ఆ ఆరింటిలో ఎత్నాకి ఒక్కదానికే తెలుసు.

గడియారంలో పన్నెండుంపావు అయింది.

జార్లత్ వచ్చింది చేబంతి గోడ గురించి. ఊరి చివర మూడు పక్కలా కాంక్రీటు గోడలు, నాలుగో పక్క జనం కూర్చునే గడ్డి గట్టు. ముందు గోడ ఇంటి కప్పుకి రెండింతలు ఉంటుంది. ఈ కిల్‌డెర్రిన్ ఊరివాళ్లు తరతరాలుగా అరచేతులతో బంతి కొట్టింది ఆ గోడకే. ఇప్పుడు కొట్టేది ఎత్నా ఒక్కతే అనుకోవచ్చు. బళ్లోనూ చర్చిలోనూ ఎవరైనా పలకరిస్తే గొంతు పట్టేసే ఆ పదిహేనేళ్ల పిల్లకి, గోడ దగ్గర ఆ బాధ లేదు. బంతి విసిరితే గోడ తిరిగి ఇస్తుంది. బదులు చెప్పమని అడగదు.

"నాకేం గోడమీద పగా, పెద్దాయనా?" అంటున్నాడు జార్లత్. "పోయినసారి గోడ దగ్గర ఆట పెట్టినప్పుడు ఏం తక్కువ చేశానో చెప్పు. బ్యానర్లు కట్టించాను. టీ ఉచితమన్నాను. పిల్లలు గెంతుకోవడానికి గాలి కోట తెప్పించాను. జిల్లా ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌ని కాళ్లావేళ్లా పడి తీసుకొచ్చాను. వచ్చిందెంతమంది? పదకొండు మంది!"

"పన్నెండు," అంది అమ్మమ్మ. "కుక్కని మర్చిపోయావు."

"ఆ పదకొండు మందీ గోల్‌కీపర్‌తో ఫోటో దిగి ఇళ్లకి పోయారు. ఆడుతున్న నీ మనవరాల్ని ఒక్కడూ చూడలేదు. కమిటీ ఇచ్చిన గడువులో రేపే ఆఖరి ఆదివారం. వందమంది వచ్చారా, సోమవారం కమిటీలో గోడ ఉండాలని ముందు లేచేది నా చెయ్యే. రాలేదా, మంగళవారం గోడ పడగొట్టే యంత్రం వస్తుంది. అక్కడ కార్లు పెట్టుకుంటారు. అంతే."

"జనం ఆట చూడ్డానికొస్తారట్రా వెర్రివాడా!" అమ్మమ్మ కెటిల్ దించింది. "ఆడేవాళ్ల మొహాలు చూడ్డానికొస్తారు. ఎవడి పరువు నిలబడుతుందో, ఎవడిది నేలరాలుతుందో చూడ్డానికొస్తారు. నీ గాలి కోటలో అదెక్కడుంది?"

ఈ మాట అమ్మమ్మ పోయిన నెలలోనూ అంది. ఎత్నా దాన్ని తన నోట్‌బుక్‌లో రాసుకుంది. రాసుకుని ఊరుకుంటే బాగుండేది.

పన్నెండున్నర అయింది. అమ్మ కత్తి పక్కన పెట్టింది. జార్లత్ నోరు మూసుకున్నాడు. చావు కబుర్లు చదివేటప్పుడు ఆ జిల్లాలో ఏ ఇంట్లోనూ చెంచా చప్పుడు కూడా కాదు. ఎవరు పోయారో, ఏ చర్చిలో ప్రార్థనో, ఏ శ్మశానంలో ఖననమో రేడియో చెప్తుంది, ఊళ్లన్నీ వింటాయి. ఎత్నా ఆ వేళని ఎంచుకున్నది అందుకే.

నలుగురు పోయారు. నలుగురికీ అమ్మమ్మ నుదుటి మీదా భుజాల మీదా శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత అదే బరువైన గొంతు ఆగకుండా చదివింది: "కిల్‌డెర్రిన్ వాస్తవ్యులు మలాకీ, ఆయన తమ్ముడు ఫెస్టస్..."

అమ్మమ్మ చెయ్యి అలవాటుగా నుదుటి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆమె మొగుడి వంక చూసింది. మొగుడు కళ్లు తెరుచుకునే ఉన్నాడు.

"...ముప్పయ్యొక్క ఏళ్ల కిందట ఇరవై ఇరవై దగ్గర ఆడిన ఆఖరి బంతిని రేపు ఆదివారం రెండు గంటలకు పాత గోడ దగ్గర మళ్లీ ఆడి తేల్చుకుంటారు. ప్రవేశం ఉచితం. ముందుగా వచ్చినవారికి గట్టు మీద చోటు."

అమ్మ రేడియో కట్టేసింది.

"నేను కాదు, దేవుడి తోడు," జార్లత్ రెండు చేతులూ ఎత్తాడు.

తాతయ్య అతని వంక చూడలేదు. వంటింటి అల్మారా మీదున్న కప్పు వంక చూశాడు. అన్నదమ్ములిద్దరూ జిల్లా ఫైనల్లో ఎదురుపడితే తాతయ్య గెలుచుకొచ్చిన కప్పు అది. అమ్మమ్మ దాని దుమ్ము దులుపుతుందేగాని ఏనాడూ మెరుగు పెట్టదు. ఇరవయ్యొక్క పాయింట్ల ఆటలో ఇద్దరూ ఇరవై ఇరవై దగ్గర ఉండగా తమ్ముడు కొట్టిన బంతి రెండుసార్లు నేల మీద గెంతాక తాతయ్య కొట్టాడని ఫెస్టస్ అన్నాడు. రిఫరీ చూడలేదు. ఈ ఆటలో రెండో గెంతు తర్వాత కొడితే చెల్లదు, అలా కొట్టినవాడే పైకి చెప్పి ఒప్పుకోవాలి. తాతయ్య అవుననలేదు, కాదనలేదు. ఇంటికొచ్చి కప్పు అల్మారా మీద పెట్టాడు. ఆనాటి నుంచి అన్నదమ్ములు చర్చిలో చెరో పక్క కూర్చుంటారు.

అమ్మ మెట్ల వంక తిరిగింది. "ఎత్నా! నువ్వేనా?"

ఎత్నా మోకాళ్లని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"మాట్లాడవేమే? నోట్లో నాలుక లేని పిల్ల అనుకుంటే, జిల్లా అంతటికీ వినిపించేలా అరిచావు కదే! వాళ్లని అడిగావా? ఒక్కమాట అడిగావా?"

"అడిగితే... వద్దంటారని," అంది ఎత్నా.

జార్లత్‌కి నవ్వొచ్చింది. తాతయ్య మొహం చూసి దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు.

"రాసింది నువ్వు," తాతయ్య మెల్లిగా అన్నాడు. కేకేసినా ఎత్నాకి అంత భయం వేసేది కాదు. "వెళ్లి వాడికి చెప్పాల్సిందీ నువ్వే. పో."

ఫెస్టస్ ఇల్లు గోడకి ఆనుకునే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. పైరెక్క తెరిచి ఉన్న అరతలుపు మీద మోచేతులు ఆన్చి నిలబడి ఉన్నాడు, ఆమె వస్తుందని ముందే తెలిసినట్టు.

"చావు కబుర్లలో నా పేరు విన్నాను," అన్నాడు. "వంటింట్లోకి వెళ్లి అద్దంలో చూసుకొచ్చాను, ఉన్నానో లేదోనని. నువ్వేనా మలాకీ మనవరాలివి? రోజూ సాయంత్రం గోడకి బంతి కొట్టేది నువ్వేగా?"

ఎత్నా తలూపింది.

"ఎడమచెయ్యి బాగా తిరుగుతుంది నీకు. బుర్ర తిరగదు. ఆ బంతిని మళ్లీ ఆడితే తేలుతుందనుకున్నావా? అది ఆడాల్సింది కాదే పిల్లా. చెప్పాల్సింది."

"ఎవరు... చెప్పాలి?"

"కొట్టినవాడు. అక్కడే, గోడ ముందు, గట్టు మీద వినేవాళ్లుండగా. నా గుమ్మంలోకొచ్చి చెవిలో చెబితే కుదరదు. ఆనాడు నన్ను అబద్ధాలకోరని గట్టంతా అరిచింది, గట్టంతా వినాలి." అతను ముక్కు తుడుచుకున్నాడు. "రేపు చెప్తే నాకిక్కడికి వినిపిస్తుంది. చెప్పకపోతే అదీ వినిపిస్తుంది. ముప్పయ్యొక్క ఏళ్లుగా వింటూనే ఉన్నాను."

ఆ మాటల్ని మోసుకుని ఇంటికి రావడానికి ఎత్నాకి గంట పట్టింది. తాతయ్య దొడ్లో దూడకి పాలు పడుతున్నాడు. ఆమె అతని వీపు వంక చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేసింది. వీపు కదల్లేదు. దూడ పాలు తాగడం అయిపోయింది. తాతయ్య బకెట్ కడిగి బోర్లించి లోపలికి వెళ్లిపోయాడు. రాత్రి భోజనంలో పంది మాంసం, క్యాబేజీ పెడితే ముట్టలేదు.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే తాతయ్య, "డెలియా, ఇత్తడి గిన్నెలో వేణ్ణీళ్లు పెట్టు," అన్నాడు.

అమ్మమ్మ ఏమీ అడగకుండా పెట్టింది. చేబంతి ఆడబోయే ముందు అరచేతులు వేణ్ణీళ్లలో నానబెడతారు, గట్టి బంతికి కమిలిపోకుండా. డెబ్భై రెండేళ్ల ఆ చేతులు నీళ్లలో ఎర్రబడడం ఎత్నా చూస్తూ కూర్చుంది. ఆడడానికి నానబెట్టుకుంటున్నాడా, చెప్పడానికా? అడిగే ధైర్యం లేదు.

రెండు గంటలకి గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. కంచె పొడుగునా కార్లు, ట్రాక్టర్లు, ఒక గొర్రెల ట్రక్కు.

"నూట అరవై మూడు," జార్లత్ ఆమె పక్కనొచ్చి గొణిగాడు. "చూశావా? కార్లు పెట్టుకోవడానికి చోటు లేదని నేనందుకే అంటున్నది!" అని ఆగి, "కాని విను, ఆట లేకుండా లేచిపోతే ఇది లెక్కలోకి రాదు. కమిటీలో నన్ను చూసి నవ్విపోతారు. తమ్ముడేడీ?"

తమ్ముడు లేడు. తాతయ్య ఒక్కడే గోడ ముందు బంతి కొడుతున్నాడు. టక్, టక్. వాన సన్నగా మొదలైంది.

"ఓ మలాకీ! నీతో నువ్వే ఆడుకుంటే నువ్వే గెలుస్తావు కదయ్యా!" గట్టు మీంచి ఎవరో అరిచారు. నవ్వులు.

"రేడియో చెప్పింది తప్పు, తమ్ముడు నిజంగానే పోయినట్టున్నాడు!"

"పాతిక మైళ్లు వచ్చానమ్మా, తడవడానికి!"

రెండున్నర. వెనక వరసలో గొడుగులు కదిలాయి. ఒక కారు స్టార్టయింది. దాని వెనక ఇంకొకటి. జార్లత్ వేళ్లు మడిచి లెక్క తగ్గించుకుంటున్నాడు. గోడ సంగతి అప్పటికే ఎత్నా మనసులోంచి సగం జారిపోయింది. నవ్వేవాళ్ల మధ్య తాతయ్యని నిలబెట్టింది తనే. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఫెస్టస్ రాడు, గోడ పోతుంది, రెంటికీ జనాన్ని పిలిచింది తన రాత.

గట్టు చివర అమ్మమ్మ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, చేతిసంచీ గుండెకి అదుముకుని నిలబడి ఉంది.

తాతయ్య బంతి పట్టుకున్నాడు. పట్టుకుని, మళ్లీ కొట్టకుండా జనం వైపు తిరిగాడు. టోపీ తీశాడు.

"ఆనాడు ఇక్కడ కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

నాలుగైదు ముసలి చేతులు లేచాయి.

"ఇరవై ఇరవై దగ్గర నేను కొట్టిన బంతి..." గొంతు ఆగింది. కదులుతున్న కారు కూడా ఆగింది. తాతయ్య ఎడమ పక్క గోడ వంక, దాని అవతలున్న తమ్ముడి ఇంటి పొగగొట్టం వంక తలెత్తి, దూడల్ని పిలిచే గొంతుతో అరిచాడు: "అది రెండో గెంతు! రెండుసార్లు గెంతాకే కొట్టాను! నాకప్పుడే తెలుసు! నా తమ్ముడు నిజం చెప్పాడు!"

మూడు గోడలూ ఆ మాటని ఒకదానికొకటి అందించుకున్నాయి. గట్టు మీద ఎవరూ నవ్వలేదు. ఫోన్లు ఎత్తినవాళ్లు కూడా మెల్లిగా దించుకున్నారు. చేతులెత్తిన ముసలివాళ్లలో ఒకాయన తన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

తాతయ్య మొహం బూడిద రంగులో ఉంది. ఎత్నా వంక చూసి గడ్డంతో ఆ ఇంటివైపు చూపించాడు.

ఆమె పరుగెత్తింది. వీపు మీద నూట అరవై మంది చూపులు. బురదలో ఒకసారి జారి లేచింది. అరతలుపు పైరెక్క తెరిచి ఉంది. ఫెస్టస్ నిన్నటి చోటే, నిన్నటి బూడిద మరకల చొక్కాలోనే నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొహంలో మెత్తదనం మాత్రం లేదు.

"చిన్నతాతా," అంది ఎత్నా. జీవితంలో మొదటిసారి అలా పిలిచింది. "విన్నారా?"

"చెవుడేం లేదు నాకు."

"మరి... వస్తారా? జనం వెళ్లిపోతున్నారు. వెళ్లిపోతే గోడ..."

"గోడ, గోడ! అక్కడ మీ తాత నిలువునా తడిసి నిలబడ్డాడు, నీకు గోడ కావాలి."

ఆమె తల వంచుకుంది. ఊపిరి ఎగదన్నుతోంది. "తాతయ్య కోసం రండి," అంది. "గోడ పోతే పోనీండి."

గోడ అవతల బంతి చప్పుడు లేదు, మనుషుల చప్పుడు లేదు. ఫెస్టస్ వింటున్నట్టు తల పక్కకి వంచాడు.

"ఎంతమంది ఉన్నారు?"

"నూట అరవై మూడు. ఇప్పుడు కొంచెం తక్కువ."

"ఆ బంతి వాడు ఓడిపోయినట్టేగా?"

ఎత్నా తలూపింది.

"అప్పుడు సర్వీసు వాడిది; సర్వీసు చేసినవాడు ఓడితే అవతలివాడికి పాయింటు రాదు, సర్వీసే వస్తుంది. అంటే ఇంకా ఇరవై ఇరవయ్యే. సర్వీసు నాది." అతను తన చొక్కా వంక, మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు వంక చూసుకున్నాడు. "వాడికి చెప్పు, చేతులు చల్లబడనివ్వొద్దని. అంతమంది ముందుకి ఈ వేషంతో రమ్మంటావా? కళ్లప్పగించి చూస్తావేం? జరుగు!"

అని తలుపు రెండు రెక్కలూ ఆమె మొహం మీదే ధడేలున మూసేశాడు.