అన్నీ ఆపేసిన ఇల్లు

కుక్కకు మూర్ఛ వస్తే ఎవరైనా ఏం చేస్తారు? డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, మందు వేస్తారు, ఆపైన మన చేతిలో ఏముందని ఊరుకుంటారు. కరెంటాయన ఊరుకునే రకం కాదు. ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

ఆయనకు అసలు పేరు లేదని కాదు. ఏళ్ల తరబడి ఇళ్లల్లో వైర్లు లాగుతూ, ఫ్యాన్లు బిగిస్తూ ఉండేసరికి ఆ పేరుతో పిలిచేవాళ్లు కరువయ్యారు. పెళ్లి చేసుకోలేదు. "ఎప్పుడు చేసుకుంటావు?" అని అడిగేవాళ్లు కూడా విసుగొచ్చి మానేసిన వయసు. మూడో అంతస్తులో రెండు గదులు, వాటిలో ఆయన, దొర. దొర అంటే కుక్క. కొత్తగా కడుతున్న భవనంలో, ఖాళీ అయిన వైరు చుట్ట మధ్యలో ముడుచుకుని పడుకుని దొరికాడు. ఒంటి నిండా గజ్జి, ఎముకలు లెక్కపెట్టొచ్చు, నడక మాత్రం ఆ భవనమంతా తనదే అన్నట్టు ఉండేది. ఆ నడక చూసి పేరు పెట్టింది కరెంటాయన అక్క.

అక్క లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. సెలవు రోజు వచ్చిందంటే పొద్దున్నే బస్సెక్కి తమ్ముడింటికి వచ్చేసేది. ఆమె మెట్ల దగ్గర ఉండగానే దొరకు తెలిసిపోయేది. తోక ఊపడం కాదు, తోకతో కుర్చీలు జరిపేవాడు. ఇక ఆమె నవ్వు సంగతి చెప్పక్కర్లేదు. కింది అంతస్తువాళ్లు మెట్ల మీద ఎదురైతే, "నిన్న మీ అక్కయ్యగారు వచ్చినట్టున్నారే," అనేవారు. చూసి కాదు, విని. కరెంటాయనదేమో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్న వాలకం. వారం మొత్తానికి ఆ ఇంట్లో వినపడే మనిషి గొంతు అక్కది ఒక్కటే.

మొదటిసారి మూర్ఛ వచ్చినప్పుడు ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. దబ్బుమని చప్పుడైంది. చూస్తే దొర ఒక పక్కకు పడి ఉన్నాడు. కాళ్లు నాలుగూ కర్రల్లా బిగుసుకుపోయాయి. కాసేపటికి నీళ్లలో ఈదుతున్నట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. నోటి నుంచి నురగ, ఒంటి కింద తడి. కళ్లు తెరిచే ఉన్నాయి గాని వాటితో వాడు ఏమీ చూడడం లేదు. అప్పుడు కరెంటాయన చేసిన మొట్టమొదటి పని ఏమిటో తెలుసా? పరుగెత్తుకెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. షాక్ కొట్టిందనుకున్నాడు పాపం.

దొర లేచాక ఇంకా ఘోరం. గోడలకు గుద్దుకుంటూ తిరిగాడు. దగ్గరికి వెళ్తే పళ్లు చూపించి గుర్రుమన్నాడు, రోజూ అన్నం పెట్టే మనిషిని ఎన్నడూ చూడనట్టు. కరెంటాయన వంటగది గుమ్మంలో నిలబడి, సబ్బు నురగ ఆరిపోతున్న మొహంతో, "నేనేరా," అంటూ ఉండిపోయాడు. అంత భయం ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎరగడు.

డాక్టరమ్మ రక్తం తీసింది, గుండె చప్పుడు విన్నది, కళ్లల్లోకి లైటు వేసి చూసింది. అన్నీ బాగున్నాయంది.

"బాగుంటే ఎందుకు పడిపోయాడండీ?"

"కొన్ని కుక్కలకు ఇంతేనండీ, కారణం దొరకదు. మాత్రలు రాస్తాను, ఒక్క పూట కూడా మానకూడదు. మూర్ఛ వచ్చినప్పుడు నోట్లో చెయ్యి పెట్టకండి. తల దేనికీ తగలకుండా చూసుకుంటే చాలు."

"కారణం లేకుండా ఏదీ ట్రిప్ కాదమ్మా."

"లేదనడం లేదు. మనకు దొరకదంటున్నాను," అంది డాక్టరమ్మ.

ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఆ తేడా ఆ రోజు ఆయన చెవికెక్కలేదు.

మాత్రలతో మూర్ఛలు తగ్గాయి గాని ఆగలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు. పనిలో నిచ్చెన మీద ఉన్నా ఆయన మనసు ఇంటి దగ్గరే. ఒక్కడే పడి కొట్టుకుంటున్నాడేమో, తల మంచం కోడుకు తగిలిందేమో అని ఒకటే దిగులు. ఇక ఇలా కాదని తనకు తెలిసిన విద్యే ప్రయోగించాడు. ఇంట్లో కరెంటు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే కరెంటు పనివాళ్లు చేసేది ఒకటే. అన్ని స్విచ్‌లూ కట్టేస్తారు. తర్వాత ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తారు. ఏది వేసినప్పుడు పడిపోతుందో దొంగ అదే. దేవుడిలాంటి పద్ధతి, ఎన్నడూ మోసం చేయలేదు. ఇళ్లకు పనికొచ్చేది కుక్కకు ఎందుకు పనికిరాదు? ఆయన అలా అనుకున్నాడు. అనుకునేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండి ఉంటే, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అనేవాళ్లు.

ముందు ట్యూబులైటు పోయింది, మిణుకుమంటోందని. తర్వాత టీవీ, దాని వెనక రేడియో. నేల తుడిచే మందు పారబోశాడు. మిక్సీ అటక ఎక్కింది. కాలింగ్ బెల్ వైరు తన చేత్తోనే కత్తిరించేశాడు, నలుగురి ఇళ్లల్లో బెల్లులు బిగించే మనిషి. అయినా మూర్ఛ వచ్చింది. మళ్లీ వచ్చింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఇంకా ఏమి మిగిలిందా అని ఇల్లంతా కలయజూశాడు. వస్తువులేమీ మిగల్లేదు. వచ్చిపోయే మనిషి ఒక్కతి మిగిలింది.

రెండుసార్లు అక్క వచ్చి వెళ్లిన మర్నాడే మూర్ఛ వచ్చింది కదా. ఒకసారైతే ఆమె ఏదో చెప్పి పగలబడి నవ్వుతుండగానే వచ్చింది కదా. ఆమె రానప్పుడు వచ్చినవి ఆయనకు గుర్తు రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఫోన్ చేశాడు.

"అక్కా, కొన్నాళ్లు రాకు."

"ఏమైందిరా?"

"నువ్వొచ్చి వెళ్లాకే వస్తోంది వాడికి. నీ బట్టల సబ్బు వాసనో, నీ నవ్వో, ఏదో ఉంది. తేలేదాకా రావద్దు."



"సరే. వాడు బాగుంటే చాలు," అంది అక్క.

పోట్లాడి ఉంటే బాగుండేది. నీకు మతి పోయిందా అని నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఆ పూటే తేలిపోయేది. ఆమె పెట్టలేదు. ఈయన "ఏమీ అనుకోకు" అన్న ముక్క కూడా కలపలేదు. ఫలానా వైరు మార్చాలని చెప్పినంత మామూలుగా చెప్పి పెట్టేశాడు.

ఆ తర్వాత, విచిత్రమేమిటంటే, మూర్ఛలు ఆగాయి. వారాలు గడిచాయి, దొర హాయిగా తిని తిరుగుతున్నాడు. దొంగ దొరికిందని కరెంటాయన మనసు తేలికపడాలి కదా. పడలేదు. అన్నీ ఆపడం సగం పనే, ఇప్పుడు ఒక్కొక్కటీ వేసుకుంటూ రావాలి, పద్ధతి అదే. స్విచ్ దాకా చెయ్యి వెళ్లేది, వెనక్కి వచ్చేది. ఏ ఒక్కటి వేసినా మళ్లీ ఆ చప్పుడు వినాల్సి వస్తుందేమో. వద్దులే, రేపు చూద్దాం. ఆ రేపు రాలేదు.

చిన్న బల్బు వెలుతురులో, చెప్పుల చప్పుడు కూడా లేకుండా తిరిగేవాడు. దగ్గొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. దొరతో కూడా గుసగుసలే. ఒక రోజు ఎవరింట్లోనో ఫ్యాను బిగిస్తుంటే పక్కగదిలో ఆడవాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. బిగిసిపోయిన స్క్రూనే మళ్లీ మళ్లీ బిగిస్తూ ఆయన నిచ్చెన మీద ఉండిపోయాడు. ఇంటావిడ వచ్చి, "ఇంకా అవలేదా అండీ?" అనేదాకా దిగలేదు. తనకు అక్క కావాలి. ఆ సంగతి ఆయనకు ఆ నిచ్చెన మీద తెలిసింది. కానీ అక్క వస్తే దొర పడిపోతాడు. ఇద్దరిలో ఒకరినే ఉంచుకోవాలని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు, ఎవరూ అడగకుండానే.

అక్క ఫోన్ చేసేది కాదు, మోగితే వాడికి ఏమవుతుందోనని. "వాడెలా ఉన్నాడు?" అని మెసేజ్ పెట్టేది. "బాగున్నాడు," అని ఈయన పెట్టేవాడు. నువ్వెలా ఉన్నావని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. రానురాను ఆ మెసేజ్‌లు కూడా పలచబడ్డాయి.

ఒక మధ్యాహ్నం పని లేక ఆయన ఇంట్లోనే ఉన్నాడు. కిటికీలు మూసి ఉన్నాయి. చప్పుడు లేదు, వాసన లేదు, వెలుతురు లేదు. దొర ఆయన పాదాల దగ్గరే నిద్రపోతున్నాడు. నిద్రలోనే వాడి ముందుకాలు ఒకటి అదిరింది. తర్వాత మెడ వెనక్కి విరుచుకుంది.

కరెంటాయన తువ్వాలు మడిచి తల కింద పెట్టాడు. చేయగలిగింది అంతే. పక్కన కూర్చుని, ఆ కాళ్లు గాలిలో పరిగెత్తడం చూస్తూ, ఎన్నో ఇళ్లల్లో తాను చెప్పిన మాటే తనకు చెప్పుకున్నాడు. అన్నీ కట్టేసినా ట్రిప్ అయిందంటే సామాన్ల తప్పు లేదండీ, లోపం గోడ లోపలి వైర్లలో ఉంది. టీవీ తప్పు లేదు. బెల్లు తప్పు లేదు. అక్క తప్పు లేదు.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఆయనకు సిగ్గు వేసింది. ఏడుపు కూడా వచ్చింది, ఏడ్చాడు. దొర తేరుకుని, గోడలు తడుముకుంటూ తిరిగి తిరిగి, చివరికి గుర్తుపట్టి వచ్చి చెయ్యి నాకేదాకా ఆగాడు. వాడికి కాస్త అన్నం పెట్టి, పనికి తిప్పే వ్యానులో ముందు సీటులో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఫోన్‌లో అనేసిన మాటను ఫోన్‌లోనే వెనక్కి తీసుకుంటే చాలదని ఆ మాత్రం బుద్ధి వచ్చింది.

అక్క ఉండే భవనం ముందు ఆగాక తెలిసింది, ఏ తలుపో తనకు గుర్తు లేదని. ఎప్పుడూ ఆమే రావడం, తను వెళ్లింది ఎన్నడు? వరండాలో బట్టలు ఆరేస్తున్న ఒకావిడను అడిగాడు.

"ఆ చివరి తలుపేనండీ. మీరు ఏమవుతారు?"

"తమ్ముణ్ణి."

"పనికి తప్ప బయటికే రావడం లేదండీ ఆవిడ. పలకరిస్తే కిటికీలోంచే మాట్లాడుతున్నారు. ఒంట్లో బాగోలేదేమో, కనుక్కోండి."

అక్క తలుపు తీసింది. తమ్ముణ్ణి చూసి మొహం విప్పారింది. అంతలో వెనక దొర కనపడ్డాడు. గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"వాణ్ణెందుకు తెచ్చావురా? కిందికి తీసుకుపో," అంది. గొంతు ఎంత చిన్నదిగా ఉందంటే, అది అక్క గొంతేనా అనిపించింది ఆయనకు.

దొర ఆగుతాడా? తోకతో తలుపును బాదుతూ లోపలికి దూరాడు. ఆమె చేతులు రెండూ వీపు వెనక దాచుకుని గోడకు ఆనుకుంది.

"నీ వల్ల కాదక్కా," అన్నాడు కరెంటాయన. "ఇవాళ మళ్లీ వచ్చింది. ఇంట్లో ఏమీ లేదు, అన్నీ ఆపేసే ఉన్నాయి. నువ్వూ లేవు. నేను తప్పుగా పట్టుకున్నాను."

"మరి ఎవరివల్ల?"

"ఎవరివల్లా కాదట. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. నేనే వినలేదు."

అక్క మెల్లగా నేల మీద కూర్చుంది. దొర వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టాడు. ఆమె వాడి వైపు చూడకుండా మాట్లాడింది.

"పక్కింటి పసిపాపను ఎత్తుకోవడం మానేశాన్రా. రోజూ నా దగ్గరికి పాక్కుంటూ వచ్చేది. తలుపేసుకునేదాన్ని. లాండ్రీలో కూడా ఎవరి పక్కనా కూర్చుని తినడం లేదు. నోరు లేని జీవికే నా వల్ల అలా అయిందంటే, నాలో ఏదో ఉందనుకున్నాను. వాళ్లకేమన్నా అయితే ఎవరు చూస్తారు?"

కరెంటాయన వెళ్లి ఆమె ఎదురుగా, తలుపు దగ్గర చెప్పులు విడిచేచోటే కూలబడ్డాడు.

అక్క వీపు వెనక నుంచి చెయ్యి తీసింది. దొర తల మీదికి తెచ్చి, తాకకుండా గాలిలోనే ఆపింది.

"చెయ్యి వెయ్యనా?" అంది.

"వెయ్యక్కా. నీ వల్ల కాదు."

"నిజంగా వెయ్యనా?" అని అక్క ఇంకోసారి అడిగింది.