అమ్మ చేతులు ఎవరు గీశారు?

మాతృప్రేమకు మారుపేరని లోకం మోసిన ఆ చిత్రకారుడు పోయిన ఏడాదికి, ఆయన ఉత్తరాలు పుస్తకంగా వేస్తానని శిష్యుడు బయలుదేరాడు. అతనికి గురువు మాట వేదవాక్కు. ఉత్తరాల్లో కళారహస్యాలు కుప్పలుగా దొరుకుతాయని నమ్మకం.

గురువుగారి చెల్లెలు బట్టలు కుడుతుంది. వీధివైపు గదిలో కుట్టుమిషను, గోడకు సగం కుట్టిన చొక్కాలు, నేలంతా గుడ్డపీలికలు. ఆమె ఉత్తరాల కట్ట అతని చేతిలో పెట్టి, మళ్లీ కాజాలు కుట్టుకోవడంలో పడింది.

మొదటి పదింటిలో కళ ఊసే లేదు. ఆమె కుట్టి పంపిన చొక్కా మెడ దగ్గర బిగుతైందన్న సణుగుడు. తోటి చిత్రకారులు గోడలకు సున్నం కొట్టడానికైనా పనికిరారన్న తీర్పు. చెల్లెలు ఎలా ఉందో ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. పెద్దవాళ్ల చాదస్తం అని సర్దుకున్నాడు శిష్యుడు. సర్దుకోవడం అతనికి బాగా అలవాటు.

పదకొండో ఉత్తరం దగ్గర ఆగిపోయాడు.

"అమ్మకి బాగాలేదని రాశావు. ప్రదర్శన నెత్తిమీద ఉంది, రాలేను. నువ్వు చిన్నప్పుడు బొమ్మలు బాగానే గీసేదానివి కదా. మంచం మీద ఆమె చేతులు ఎలా ఉన్నాయో గీసి పంపు. వేళ్ల కణుపులు వదిలెయ్యకు. ప్రాణం పోయాక ఆ బిగువు ఉండదు, త్వరపడు."

శిష్యుడు ఆ ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివాడు. గురువుకు పేరు తెచ్చిన చిత్రమే 'అమ్మ చేతులు'.

"మీరు గీసి పంపారా అత్తయ్యా?"

"పంపాను. ఆవిడ కాస్త కునుకు తీసినప్పుడల్లా కూర్చుని మూడు గీశాను. అమ్మ పోయిందని కూడా రాశాను. 'రెండోది ఫరవాలేదు' అని జవాబొచ్చింది. కింద ఉంది చూడు."

"ఈ రెండు ఉత్తరాలూ పుస్తకంలో వద్దులెండి. జనం అపార్థం చేసుకుంటారు."

"ఇందులో అపార్థానికి చోటెక్కడుంది నాయనా? తేటతెల్లంగా రాసి ఏడ్చాడుగా! వేస్తే అన్నీ వెయ్యి. లేదంటే కట్ట అక్కడ పెట్టి వెళ్లు."

అతను వారం రోజులు గింజుకున్నాడు. చివరికి అన్నీ వేశాడు.

ఆవిష్కరణ సభలో అధ్యక్షుడు ఆ పదకొండో ఉత్తరమే చదివాడు. చదివి, కళ్లు తుడుచుకున్నాడు. "కళ కోసం కన్నతల్లి కడసారి చూపునే వదులుకున్న త్యాగమూర్తి!" అన్నాడు. హాలంతా చప్పట్లు.

ముందు వరసలో చెల్లెలు లేచింది. "త్యాగమా! రెండు గంటల బస్సు ప్రయాణమండీ అది. ఎగ్గొట్టాడు, అంతే," అని చెప్పుల్లో కాళ్లు దూర్చి నడిచింది.

చప్పట్లు ఆగాయి. తరువాత మాట్లాడాల్సినవాడు శిష్యుడు. రాసి తెచ్చుకున్న నాలుగు పేజీల పొగడ్త జేబులోనే ఉంచుకుని, మైకు ముందు నిలబడి, "ఆ చేతులు గీసింది ఇప్పుడు బయటికి వెళ్లినావిడ. మా గురువు రంగులు పూశాడు," అన్నాడు.

మర్నాటి నుంచి తోటి శిష్యులు అతన్ని గురుద్రోహి అన్నారు. అతను కాదనలేదు.