జంగమయ్యలు ఆర్పని పొయ్యి

గౌడవెల్లి పక్కన రింగురోడ్డు పని నడిచే రోజులవి. పొద్దున ఎనిమిదింటికి డ్రైవర్ ఓదెలు జేసీబీ స్టార్ట్ చేసేవాడు. పాడుబడ్డ జంగమయ్యల మఠం పక్కనే కాబట్టి మట్టిని జానెడు జానెడే గీకాలని పురావస్తు శాఖ షరతు. అందుకని బొక్కెనకు పళ్ళు ఊడదీయించారు. "నా బండిని ముసల్దాన్ని జేసిండ్రు" అని ఓదెలు ఏడుపు. ప్రతి బొక్కెన మట్టినీ పురావస్తు సారు దేవేందర్ గొడుగు పట్టుకుని చూసేవాడు. పెంకు ముక్క దొరికితే రాసుకునేవాడు.

మఠం గోడ వెనక సత్యమ్మ ఇరవై మంది కూలీలకు వండేది. కట్టెలు అక్కర్లేదు. ఐదు వందల ఏండ్ల కింద జంగమయ్యలు ఊరు విడిచిపోతూ పొయ్యి ఆర్పడం మరిచారు. అది అట్లనే రగులుతూ ఉంది. మొగుడు పోయినకాడి నుంచి దానిమీదే వండి అమ్మి, ఇద్దరు బిడ్డలను సాకుతోంది సత్యమ్మ.

పదిహేను రోజులు గీకినా పెంకులే వచ్చాయి. ఆ సాయంత్రం 'ఇక్కడ ఏమీ లేదు' అని సారు సంతకం పెడితే, తెల్లారి గోడ, పొయ్యి అన్నీ కంకర కిందికే. ఆ దిగులుతో సత్యమ్మ పప్పులో రెండుసార్లు ఉప్పేసింది.

రోజూ జీపులో డబ్బా తినే దేవేందర్ ఆ మధ్యాహ్నం డబ్బా మరిచి, కూలీల బంతిలో కూర్చున్నాడు.

"గింత ఉప్పేందమ్మా?"

"పరేషాన్ల ఏసిన సారు. రేపటి సంది ఏడ వండాలె? కట్టెలపొయ్యి ఊదుడే మర్సిపోయిన."

"మరి దేనిమీద వండుతున్నవ్?"

"జంగమయ్యల పొయ్యి మీద."

సారు చేతిలో ముద్ద ఆగింది. "ఇన్నొద్దులు చెప్పకపోతివి!"

"పాత సామాన్లున్నయా అని అడిగిండ్రు. రోజు వండేది పాతదెట్లయితది?"

"మట్టంత జల్లెడ వట్టిండు గని, బువ్వకాడికి రాలే మా సారు" అని ఓదెలు పగలబడి నవ్వాడు.

దేవేందర్ గోడ వెనక్కి పోయి, టేపు పట్టి పొయ్యి కొలిచాడు. వేలు కాలితే నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత సాయంత్రం సంతకం పెట్టాల్సిన కాగితం తీశాడు. 'ఎప్పటివరకు వాడుకలో ఉంది' అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి, "ఈ రోజు మధ్యాహ్నం. చింతకాయ పప్పు" అని రాశాడు. 'వాడుతున్నవారు' అన్నచోట సత్యమ్మ పేరు, ఇంటిపేరుతో సహా.

రోడ్డు ఇరవై అడుగులు అవతలికి జరిగింది. నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. వాడుకలో ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడాలట. సత్యమ్మ అక్కడే ఉండి, రోజూ ఏదో ఒకటి వండాలట.

"వండకుంటే కేసు పెడ్తరా తమ్మీ?" అని ఓదెలును అడిగి, సత్యమ్మ బియ్యం కడగడానికి కూర్చుంది.