రెండు ముక్కల ఏప్రిల్

భూగర్భజలాల లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌కి కాలం ఆగకుండా నడుస్తుందంటే తలకెక్కదు. దానికి కాలాన్ని ముక్కలు కోసి పెట్టాలి. ఒక్కో ముక్కనీ టెక్కలిలోని భూగర్భజలాల ఆఫీసులో పీరియడ్ అంటారు. ఆ పీరియడ్ నడిచినంతకాలం వానకి ఒకటే అంకె, ఒక బోరు తోడే నీళ్లకి ఒకటే అంకె. ఏదైనా మారిందంటే అక్కడ కొత్త పీరియడ్ మొదలుపెట్టాలి. ధరణి ఈ పని కళ్లు మూసుకుని చెయ్యగలదు. ఈమధ్య ఇంచుమించు అలాగే చేస్తోంది.

ఆమె భర్త కార్తికేయ పోయి నెల దాటింది. పెద్దకర్మ అయ్యాక మళ్లీ పలాసలో బస్సెక్కి టెక్కలి రావడం మొదలుపెట్టింది. ఏడుస్తుందేమోనని ఆఫీసులో వాళ్లు కొన్నాళ్లు కనిపెట్టి చూశారు. ఏడవలేదు. క్యారేజీ విప్పి అన్నం తినేది. ఏం కూర తిన్నావని అడిగితే మాత్రం మళ్లీ గిన్నెలోకి చూసి చెప్పేది. తనకి ఏడుపెందుకు రావడం లేదని ఆమెకే భయం వేసేది. ఆ భయం కూడా ఎంతోసేపు ఉండేది కాదు.

ఇంట్లో అత్త ధనమ్మకి ఏడవడానికీ తీరిక లేదు. ఆమె బెంగంతా తోట మీద. ఆ ఉదయం కూడా ధరణి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కొబ్బరి మట్టలు వేలబడిపోతన్నాయమ్మా. మోటారెయ్యనియ్యవేటి?"

"వద్దత్తా."

"నువ్వెయ్యవు, ఇంకొకుల్ని ఎయ్యనియ్యవు. తుపానుకి తోటంతా పడిపోతే నువ్వూ నా కొడుకూ నాటినవే గదా ఇవి! ఇప్పుడిప్పుడే గెలలేత్తన్నాయి. ఎండగొట్టీడానికేటి ఇన్నాళ్లు పెంచేరు?"

ధరణి ఆమె పక్కనుంచి తప్పుకుని బస్సుకి నడిచింది. మోటారు షెడ్డు తాళంచెవి ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

వాళ్ల వైపు తోటల్లో మోటారుకి ఆటో స్విచ్ పెట్టుకోని రైతు అరుదు. త్రీఫేజ్ కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. దానికోసం షెడ్డు దగ్గర ఎవరు పడిగాపులు పడతారు? ఆటో పెడితే, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఆ రోజు కరెంటు లేదు. మోటారుకి పోయే వైరు ఎలుక కొరికేస్తే కార్తికేయ కూర్చుని అతుకు వేస్తున్నాడు. ఆటో స్విచ్ ఆపడం మర్చిపోయాడు. కరెంటు వచ్చింది. అప్పటినుంచి ధరణి ఆ షెడ్డు తలుపు ఎవరినీ తియ్యనివ్వలేదు.

ఆఫీసులో ఆమె ముందున్న పని ఉద్దానం తీరం బోర్లది. వాటివల్ల రాబోయే ఏళ్లలో ఉప్పునీరు ఎంత లోపలికి వస్తుందో లెక్క తేల్చాలి. నెలకి ఒక పీరియడ్. ఒక్కో బోరూ చూసుకుంటూ ఏప్రిల్ నింపుతోంది. తమ తోట బోరు వచ్చేసరికి చెయ్యి ఆగింది.

ఏప్రిల్ సగంలో ఆ బోరు ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ మాత్రం నెలకి ఒకటే అంకె అడుగుతోంది. మామూలుగా తోడే అంకె వేస్తే నెలంతా ఆయన ఉన్నట్టు. సున్నా వేస్తే ఒకటో తారీఖు నుంచే లేనట్టు. ఇలాంటప్పుడు అందరూ చేసేది సగటు తియ్యడం, అంటే సగం వెయ్యడం. అప్పుడు ఏప్రిల్ నెలంతా కార్తికేయ సగం బతికున్నట్టు. ఆమె ఏప్రిల్‌ని ఆ రోజు దగ్గర రెండు ముక్కలు చేసింది.

ఆఫీసు పెద్ద గోపాలరావు గారు వెనకనుంచి చూశారు. "ఏటమ్మా, ఒక్క బోరు కోసం నెలని ఇరగ్గొట్టీసావు? ఇన్ని బోర్లలో దీనివల్ల వెంట్రుకంత తేడా రాదు. సగటు ఏసీ."

"అది మా బోరు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఉండనీ," అని మెల్లగా తన గదిలోకి వెళ్లిపోయారు.

రెండో ముక్కలో ఆమె సున్నా వేసింది. ఏమీ అనిపించలేదు. రన్ బటన్ నొక్కి, ఫలితం ఎలా ఉందో చూసుకుంది. మే నెలలోనూ తమ బోరు సున్నా. జూన్ సున్నా. వచ్చే ఏడాది సున్నా, లెక్క ఆగిన చివరి ఏడాది దాకా సున్నా. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. కొత్త పీరియడ్‌కి మనం ఏమీ చెప్పకపోతే అది పాత అంకెనే పట్టుకుని ముందుకి పోతుంది. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది ధరణే.

ఆ సున్నాల వరస చూస్తూ కూర్చుంటే పొద్దున అత్త అన్న మాట గుర్తొచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ చేసేదే తనూ చేస్తోంది. కొత్త అంకె చెప్పకుండా, ఆ రోజు సున్నానే పట్టుకుని కూర్చుంది. తోట ఎండిపోతోంది. సాయంత్రం బస్సులోంచే కరెంటు మేస్త్రీకి ఫోన్ చేసింది.

ఆదివారం మేస్త్రీ వచ్చి కొత్త వైరు లాగాడు. ఆటో స్విచ్‌ని ఊడదీయించి ధరణి దూరంగా తుప్పల్లోకి విసిరేసింది. మేస్త్రీ వెళ్లిపోయాడు. ఆమె షెడ్డు గుమ్మంలో కూర్చుని కరెంటు కోసం ఎదురుచూసింది. ధనమ్మ పార పట్టుకుని తోట చివరికి పోయింది. ఎండ నెత్తిమీదికి వచ్చాక స్టార్టరు మీది దీపం వెలిగింది. ధరణి పచ్చ బటన్ నొక్కింది. పైపు కాసేపు దగ్గి, ముందు బురదనీళ్లు, తర్వాత మంచినీళ్లు కక్కింది. నీళ్లు ఒక్కో చెట్టూ దాటి పోతుంటే ఆమె చూస్తూ ఉండిపోయింది.

చివరి చెట్టు దగ్గరనుంచి, ఎప్పుడూ పిలిచే అలవాటుకొద్దీ, ధనమ్మ గట్టిగా కేకేసింది.

"కార్తీ! నీళ్లొచ్చీసాయిరా, మోటారు కట్టీ!"

ఆ పేరు గట్టిగా పిలిచి ఎన్నాళ్లయిందో. కొబ్బరి చెట్ల సందులోంచి, పార వదిలేసి గట్టు మీద కూలబడిన అత్త కనిపించింది.

"కట్టీత్తన్నానత్తా!" అని ధరణి గొంతెత్తి చెప్పింది.

ఎర్ర బటన్ నొక్కింది. మోటారు చప్పుడు ఆగిపోయాక, తను ఏడుస్తున్న చప్పుడు ఆమెకి వినిపించింది.